హారను తాడు

లెక్క మొదలైన రోజున డ్రైవరు చేతిలో ఉన్నవి ఒక పాత స్కూలు బస్సు, గట్టి ఎడమ మోకాలు, చురుకైన రెండు చెవులు. ఆఖరు ప్రయాణం నాటికి బస్సు మరింత పాతబడింది, మోకాలు పాడైంది, చెవులు మాత్రం మొదట్లో కంటే పదునెక్కాయి. తెచ్చుకున్న సరుకులో ఒకటైనా వాడకంతో పెరిగిందంటే అది నష్టపోయిన బేరం కాదని అతని అభిప్రాయం.

ఆ శనివారం పొద్దున షెడ్డులో అతను టైర్లను ఇనప కడ్డీతో కొట్టి చూస్తున్నాడు. గాలి సరిపోయిన టైరు కడ్డీని వెనక్కి తంతుంది. గాలి తగ్గిన టైరు దెబ్బను నోరు మెదపకుండా మింగేస్తుంది. వెనక టైరు దగ్గర అనుమానంగా రెండోసారి కొట్టి, తల వంచి విని, సరే అనుకున్నాడు. ఇంజను మూత ఎత్తి నూనె పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. ఎండ ఎప్పుడూ కిటికీ వైపే తగలడంతో కుడి చెయ్యి ఎడమ చెయ్యి కంటే ఒక వన్నె నలుపు. నడిచేటప్పుడు ఎడమ కాలు అరక్షణం ఆలోచించుకుని గాని ముందుకు రాదు.

ఒకప్పుడు పసుపు రంగులో ఉన్న బస్సుకి అతనే ఆకుపచ్చ రంగు వేశాడు. తలుపు అంచుల్లో ఇంకా పసుపు తొంగి చూస్తూనే ఉంటుంది. వారమంతా అది ఫ్యాక్టరీ షిఫ్టు వాళ్లని దింపుతుంది, ఎక్కించుకుంటుంది. శనివారం, అదే ఆకుపచ్చ చొక్కాలు తొడిగే ఊరి ఫుట్‌బాల్ జట్టుకి వేరే ఊళ్లో ఆట ఉంటే, అభిమానులని అక్కడికి తీసుకెళుతుంది. డ్రైవరు సీటుకి పైన ఒక తాడు వేలాడుతుంటుంది. పాత ఇనప సామాన్ల దుకాణంలో, విరిగిపోయిన లారీ నుంచి ఊడదీయించి తెచ్చుకున్న గాలి హారను తాడు అది. లాగితే దూడ తప్పిపోయిన గేదె అరిచినట్టు అరుస్తుంది.

కూతురు టీ ఫ్లాస్కు పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. ఆమె ఒక ఆసుపత్రి వ్యాను నడుపుతుంది. నడుపుతుండేది, అనాలి. నిన్ననే మానేసింది.

"ఇవాళ ఏ గోడ చూడ్డానికి వెళ్తున్నావు నాన్నా?"

"ఎర్ర జట్టు వాళ్ల గోడ."

"పోయినేడూ అదే చూశావుగా. ఏమైనా మారి ఉంటుందా?"

"సున్నం వేసుంటారు."

ఇంట్లో ఇది పాత వేళాకోళం. డ్రైవరు ఎన్నో ఏళ్లుగా జట్టు వెంట ప్రతి ఊరికీ వెళ్లాడు. ఏ ఊళ్లోనూ ఆట చూడలేదు. మొదటి ఏడాది ఒకసారి బస్సు వదిలేసి టీ తాగడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆ ఊరివాళ్లు అన్ని టైర్లలోనూ గాలి తీసేశారు. ఓడిపోయిన జట్టు అభిమానులు రోడ్డు పక్కన చతికిలబడి, జట్టుని తిట్టాల్సిన తిట్లన్నీ అతన్నే తిట్టారు. ఆరోజు నుంచి బస్సు ఉన్నచోటే అతనున్నాడు. జనం లోపల ఆట చూస్తే, అతను బయట గోడ చూశాడు. గోడ మీదుగా వచ్చే చప్పుడుని బట్టి లోపల ఏం జరుగుతోందో పోల్చుకోవడం నేర్చుకున్నాడు. చెవులు పదునెక్కింది అలాగే.

"మోకాలికి పట్టీ కట్టుకున్నావా?"

"కట్టుకున్నా."

"చూపించు."

అతను ప్యాంటు పైకి లాగి చూపించాడు. ఆమె వంగి పట్టీ బిగించింది. తర్వాత డ్రైవరు సీట్లోకి ఎక్కి కూర్చుని, కింద ఉన్న దిండుని చేత్తో తడిమింది.

"సోమవారం నుంచి ఈ సీటు నాది. దిండు మాత్రం పట్టుకుపో. నీ గుంటలో నేనెక్కడ కూర్చుంటాను?"

"మీ అమ్మ కుట్టింది అది. మెత్తగా ఉంటుంది."

"నీకు మెత్తగా ఉంటుంది. సరేగాని నాన్నా, నాకు ఆటలవీ తెలియవు. శనివారాలు ఉంటాయా, ఉండవా? అది చెప్పు."

"గెలిస్తే ఉంటాయి."

"ఓడితే?"

"ఓడితే జట్టు కింది డివిజన్‌కి దిగిపోతుంది. అక్కడి ఆటలకి ఎవరూ బస్సు కట్టించుకుని రారు. ఫ్యాక్టరీ షిఫ్టులే."

ఆమె వెనక సీట్ల వైపు తిరిగి చూసింది. చిన్నప్పుడు శనివారాలు వెనక సీట్లో ముడుచుకుని నిద్రపోయి, పాటల మధ్య లేచి, మళ్లీ నిద్రపోయిన పిల్ల. అతనికి తెలుసు. బస్సు ఇచ్చేయడం వేరు, శనివారాలతో సహా ఇవ్వడం వేరు. రెండోది ఇవాళ అతని చేతిలో లేదు. ఎవరో పదకొండు మంది కాళ్లలో ఉంది.

కూడలిలో జనం ఎక్కారు. ముందుగా రొట్టెలక్క ఎక్కింది. అభిమానుల సంఘానికి ఆమే పెద్ద, ఆమె బేకరీయే ఆఫీసు. పొయ్యి దగ్గర కాలిన మచ్చలున్న చేతులతో బన్నుల బుట్ట మోసుకొచ్చి, ఎవరు టిఫిను చేశారో ఎవరు చేయలేదో అడక్కుండానే అందరి ఒళ్లోనూ ఒక్కొక్కటి పడేసింది. ఆమె వెనకే లెక్కల మాస్టారు. రిటైరయ్యాక ఆయనకి మిగిలిన ఏకైక తరగతి ఈ బస్సే.

"ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే," మాస్టారు నడవలో నిలబడి మొదలుపెట్టారు, "మన పైన ఉన్న జట్టు పొరపాటున ఓడిపోయి, మనం డ్రా చేసుకున్నామనుకోండి, అప్పుడు వేసిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేస్తే..."

"మాస్టారూ, గెలిస్తే ఉంటాం. అంతేనా?"

"అంతేననుకో, కానీ..."

"ఆ కానీ మీ సంచీలోనే ఉంచండి. బన్ను తినండి."

బస్సు గొల్లుమంది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఈ సీజన్లో పరాయి మైదానంలో జట్టు ఒక్కసారీ గెలవలేదు. వెళ్తున్నదేమో ఈ ఏడాది సొంత మైదానంలో ఎవరి చేతిలోనూ ఓడని ఎర్ర జట్టు దగ్గరికి. పైగా సీజన్లో ఇది ఆఖరి ఆట. సరిచేసుకోవడానికి ఇంకో శనివారం లేదు.

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు రొట్టెలక్క డ్రైవరు పక్కకి వచ్చింది. ఒక టికెట్టు అతని చొక్కా జేబులోకి తోసింది.

"ఇదేంటమ్మా?"

"సంఘం తరఫున. ఇవాళ నువ్వూ లోపలికి వస్తున్నావు మావయ్యా. ఆఖరు రోజు కూడా గోడకి ఎదురుగా కూర్చుంటావా?"

"బస్సునెవరు చూస్తారు?"

రొట్టెలక్క వెనక్కి తిరిగి సీట్ల వైపు చూసింది. లోపల మాటలు ఆగిపోయాయి. జట్టు పుట్టి మునగబోతున్న రోజున బయట ఉండిపోతానని చెప్పేంత పెద్ద మనసు ఎవరికీ లేదు, ఉండాలని అతనూ అనుకోడు.

"పోనీలే," అన్నాడు డ్రైవరు. "నా సీటు నాకుంది. ఇది గుర్తుగా దాచుకుంటాను."

టికెట్టు జేబులోనే ఉండిపోయింది.

ఎర్ర జట్టు స్టేడియం వెనక, చెత్త డబ్బాల పక్కన, బయటి ఊరి బస్సులకని ఒక ఖాళీ జాగా ఉంది. గేటు దగ్గర కాపలాదారు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. బారు మనిషి, బుగ్గల మీదికి పాకిన మీసం, నెత్తిన ఎర్ర టోపీ. వాన కురిసినా, ఎండ కాసినా, జాతీయ గీతం పాడినా ఆ టోపీ తీయగా డ్రైవరు చూడలేదు. ఇద్దరూ ఏడాదికి ఒక్కసారి కలుస్తారు. ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఎవరి చెల్లెల్నీ ఎవరూ చేసుకోలేదు.

"ఏం బావా, ఇంకా ఉన్నావా?"

"నీకు చెప్పకుండా ఎక్కడికి పోతాను బావా."

"ఇవాళ మీ జట్టుకి పాడె కట్టడమేగా? మోయడానికి సరిపడా జనాన్ని తెచ్చుకున్నావా?"

"తెచ్చుకున్నా. ఏడవడానికి నువ్వున్నావుగా."

రొట్టెలక్క వెళ్తూ వెళ్తూ డ్రైవరు జేబు వైపు చూసింది. అతను చూడనట్టు అద్దం తుడవసాగాడు. జనం పాడుకుంటూ గేటులోంచి వెళ్లిపోయారు. కాపలాదారు ఖాళీ కూల్‌డ్రింకు పెట్టె బోర్లించి కూర్చున్నాడు. డ్రైవరు బస్సు మెట్టు మీద కూర్చుని కాలు చాపాడు. ఎదురుగా గోడ. సున్నం వేశారు.

కాపలాదారు కూడా లోపల ఆట చూసి ఎరగడు. ఎర్ర జట్టు ఛాంపియన్ అయిన రోజున కూడా ఈ గేటు దగ్గరే నిలబడి, సంబరంలో జనం పారేసిన సీసాలు ఏరాడు. అందుకే వాళ్లిద్దరికీ పడింది. గోడకి ఇవతల కూర్చుని ఆట వినగలిగిన వాళ్లు లోకంలో తక్కువ. ఎర్ర జట్టు గోలు కొడితే గోడ అదురుతుంది, సున్నం పొట్టు రాలుతుంది. కొట్టబోయి తప్పితే పెద్ద దుప్పటి నిలువునా చిరిగినట్టు ఒక నిట్టూర్పు. పచ్చ జట్టు గోలు కొడితే మాత్రం అసలు చప్పుడే ఉండదు. అంత పెద్ద స్టేడియం ఒక్కసారిగా చచ్చినట్టు పడి ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో ఒక మూల నుంచి మనవాళ్ల కేక, గిన్నెలో చెంచా పడ్డట్టు. పరాయి ఊళ్లో గెలుపు వినబడేది అలాగే. ఆ నిశ్శబ్దం రాగానే డ్రైవరు హారను తాడు మూడుసార్లు లాగుతాడు. లోపల ఉన్నవాళ్లకి బయట కూడా మనవాడొకడు ఉన్నాడని తెలియాలి. ఇంకెప్పుడు లాగినా ఆ హోరులో వినబడదు. ఆ ఒక్క క్షణంలోనే వినబడుతుంది.

ఆట మొదలై కొంతసేపైంది. హోరు అలలు అలలుగా వచ్చి పోతోంది. ఉన్నట్టుండి మొత్తం ఆగిపోయింది.

డ్రైవరు మోకాలి సంగతి మరిచిపోయి ఒక్క ఉదుటున సీట్లోకి ఎక్కి తాడు లాగాడు. ఒకటి, రెండు, మూడు. గేదె అరుపు గోడ దాటి వెళ్లింది. లోపలి నుంచి బదులుగా కేక రాలేదు. వేల ఈలలు, తిట్లు వచ్చాయి. కాపలాదారు గేటు ఊచల్లోంచి లోపలివాళ్లని ఏదో అడిగి, తల కొట్టుకుంటూ తిరిగొచ్చాడు.

"గోలూ లేదు, నీ మొహమూ లేదు. మా కుర్రాడు పడిపోయాడు. లేవడం లేదు. జనమంతా ఊపిరి బిగబట్టుకుని చూస్తుంటే నువ్వు బాజా వాయిస్తావా?"

డ్రైవరు చెయ్యి ఇంకా తాడు మీదే ఉంది. తేలుని వదిలినట్టు వదిలాడు. ఇన్నేళ్లలో ఇలాంటి పొరపాటు జరగలేదు. దెబ్బ తగిలినవాడికి బాజా. తల ఎత్తలేక మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి లోపల చప్పట్లు మొదలయ్యాయి.

"లేచాడు," అన్నాడు కాపలాదారు. "బతికిపోయావు."

ఆ చప్పట్లు ఆగకుండానే హోరు పెరిగింది, గోడ అదిరింది, సున్నం పొట్టు ఇద్దరి భుజాల మీదా రాలింది. గేటు ఊచల దగ్గరికి వెళ్లొచ్చిన కాపలాదారు మీసం మెలేస్తూ నవ్వాడు.

"ఎవరు కొట్టారో తెలుసా? ఆ కుర్రాడే. నీ హారను విని ఒళ్లు మండి లేచినట్టున్నాడు."

డ్రైవరుకి నవ్వు రాలేదు. ఓడించింది తానేనని అనిపించింది.

విరామంలో ఫ్లాస్కు మూతలో టీ పోసి కాపలాదారుకి ఇచ్చాడు. తను ఫ్లాస్కుతోనే తాగాడు.

"దిగిపోతే వచ్చే ఏడు రారు కదా?" కాపలాదారు అడిగాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"గెలిచినా నేను రాను బావా."

"అదేం?"

డ్రైవరు మోకాలి మీద తట్టాడు. "ఈ బండి క్లచ్చు తొక్కడం ఇక దీని వల్ల కాదు. సోమవారం నుంచి మా అమ్మాయి నడుపుతుంది. బస్సుతో పాటు శనివారాలు కూడా ఇద్దామనుకున్నా. చూడాలి."

కాపలాదారు మూతలో మిగిలిన టీని చాలాసేపు చూశాడు. తాగేసి, మూత కడిగి, తుడిచి ఇచ్చాడు. ఎప్పుడూ అలా కడిగివ్వలేదు.

రెండో సగం చాలావరకు ఎర్రవాళ్ల హోరే. తర్వాత మళ్లీ అన్నీ ఆగిపోయాయి. డ్రైవరు ఈసారి ముందే సీట్లో ఉన్నాడు, చెయ్యి తాడు మీదే ఉంది. కానీ లాగలేదు.

"లాగవేం?" అన్నాడు కాపలాదారు కిందనుంచి.

"మళ్లీ ఎవరైనా పడ్డాడేమో."

కాపలాదారు కళ్లు మూసుకుని చెవి గోడ వైపు తిప్పాడు. "మనిషి పడితే గుసగుసలుంటాయి. ఇందులో గుసగుసలు లేవు." దూరంగా, గిన్నెలో చెంచా పడింది. "లాగు."

"గోలేనా?"

"లాగవయ్యా బాబూ! నా నోటితో చెప్పించుకుంటావా?"

డ్రైవరు లాగాడు. మూడోసారి లాగేటప్పుడు గేదె గొంతు కూడా బొంగురుపోయినట్టు అనిపించింది. ఒకటి-ఒకటి. చాలదు. ఇంకొకటి కావాలి.

సంతోషంలో ముందుకి వంగిన అతని జేబులోంచి టికెట్టు సగం బయటికి వచ్చింది. కాపలాదారు మునివేళ్లతో పట్టుకుని లాగి, తిప్పి చూశాడు.

"ఇదేంటి? టికెట్టు జేబులో పెట్టుకుని గోడ చూస్తున్నావా? నీకంటే ఆ చెత్త డబ్బా నయం. దిగు."

"బస్సు..."

"నేనున్నా."

"నువ్వు ఎర్ర టోపీవాడివి."

"అందుకే చెప్తున్నా. పచ్చ బస్సులో పచ్చోడు కాపలా ఉంటే ఎవడైనా రాయి వేస్తాడు. ఎర్ర టోపీ కూర్చుంటే ఎవడేస్తాడు? బేరం తెలిసినవాడివి, ఆమాత్రం తట్టలేదా?"

నిజమే. ఇన్నేళ్లలో ఆమాత్రం తట్టలేదు. డ్రైవరు దిగాడు. కాపలాదారు కర్ర పక్కన పెట్టి ఎక్కి, సీట్లో కూర్చుని మొహం చిట్లించాడు.

"ఇందులో ఈ గొయ్యేంటి?"

"నాదే. కదలకుండా కూర్చో."

లోపలి గేటు దగ్గర టికెట్లు చూసే మనిషి టికెట్టు చింపుతూ, అయిపోవచ్చిన ఆటకి ఇప్పుడొస్తున్న ఈ మనిషిని జాలిగా చూశాడు. లోపల సిమెంటు మెట్లు. తడి వాసన. నెత్తి మీద వేల కాళ్లు దడదడమంటున్నాయి. డ్రైవరు గోడ పక్క కడ్డీ పట్టుకుని కుడి కాలు పైకి వేసి, ఎడమ కాలిని దాని పక్కకి లాక్కుని, మళ్లీ కుడి కాలు వేస్తూ ఎక్కసాగాడు. పైన హోరు లేచింది. పొంగుతున్న పాలలా పైపైకి వస్తోంది. ఎర్రవాళ్లు మీదికి వచ్చేశారు. ఇక గోలే. అయిపోయింది అనుకున్నాడు. సగం మెట్ల మీద ఆగి కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు.

హోరు తెగిపోయింది.

చీకటి మెట్ల మీద ఒంటరిగా నిలబడి చెవులు రిక్కించాడు. గుసగుసలున్నాయా? లేవా? తన గుండె చప్పుడు తప్ప ఏమీ తెలియడం లేదు. ఇంతవరకు ఈ నిశ్శబ్దాన్ని బయటి నుంచే విన్నాడు. లోపలి నుంచి అది వేరేలా ఉంది. మనిషి పడ్డాడో, మన అదృష్టం లేచిందో.

అప్పుడు బయటి నుంచి, గోడ మీదుగా, దూడ తప్పిపోయిన గేదె అరిచింది.

ఒకసారి. నిదానంగా, తాడు ఎంతవరకు వస్తుందో చూస్తూ లాగినట్టు. రెండోసారి. మూడోసారి మరీ పొడుగ్గా.

డ్రైవరు కడ్డీ మీద తల ఆనించాడు. ఇన్నేళ్లు తాను లాగిన హారను లోపలున్నవాళ్లకి ఎలా వినబడుతుందో అతనికి తెలియదు. ఇలా వినబడుతుందన్నమాట. ఊరంతా మనకి ఎదురై నిలబడిన చోట, మన ఇంటి గొడ్డు వాకిట్లోంచి పిలిచినట్టు.

పైకి చేరేసరికి వెలుతురు కళ్లలో కొట్టింది. పచ్చిక తాను ఊహించుకున్న దానికంటే పచ్చగా ఉంది. ఆటగాళ్లు ఊహించుకున్న దానికంటే చిన్నగా, అలసిపోయి, బురదతో ఉన్నారు. రొట్టెలక్క కాలిన చేతులతో అతని మెడ కౌగిలించుకుంది.

"రెండు-ఒకటి మావయ్యా! వాళ్ల కార్నరు మన కీపరు చేతిలో పడింది, విసిరాడు, మనవాడు ఒక్కడే ఇటు నుంచి అటు దాకా పరిగెత్తాడు! అవునూ, నువ్విక్కడుంటే హారను ఎవరు కొట్టారు?"

"మా బావ."

"నీకిక్కడ బావ ఉన్నాడా?"

"ఉన్నాడు," అన్నాడు డ్రైవరు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, పెదవులతో ఏవేవో కూడికలు చేసుకుంటున్నారు. మిగిలిన నిమిషాలు ఎవరూ కూర్చోలేదు. ఎర్రవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చారు. ఒక బంతి గోలు స్తంభానికి తగిలి ఖంగుమంది. డ్రైవరు ఆ చప్పుడుని బట్టి, చూడకుండానే, బయటికే పోతుందని చెప్పాడు. బయటికే పోయింది. ఆఖరికి కీపరు బంతి మీద బోర్లా పడి, దాన్ని కడుపులో దాచుకుని లేవనని మొండికేసినట్టు పడుకున్నాడు. రిఫరీ ఈల ఊదాడు. చివరి ఈల.

ఆ తర్వాత ఏం అరిచాడో డ్రైవరుకి గుర్తులేదు. గుర్తున్నది ఇదొక్కటే. పచ్చ చొక్కాలవాళ్లు పరిగెత్తుకుంటూ తమవాళ్లున్న మూలకి వచ్చారు. కెప్టెను, పొడుగాటి మనిషి, చొక్కాతో మొహం తుడుచుకుని, జనం వైపు చూసి, చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. తర్వాత చెయ్యి పైకెత్తి, కనబడని తాడొకటి పట్టుకుని లాగాడు. ఒకటి, రెండు, మూడు. పక్కన ఉన్నవాళ్లూ లాగారు. మూలలో ఉన్న ప్రతి మనిషీ, రొట్టెలక్కతో సహా, మాస్టారుతో సహా, గాలిలో తాడు లాగారు.

వాళ్లకి తెలుసు. మైదానం మధ్యలో పరిగెడుతూ ఇన్నేళ్లు వింటూనే ఉన్నారు.

డ్రైవరు కూడా చెయ్యి ఎత్తాడు. ఎన్నోసార్లు లాగిన చెయ్యి గాలిలో తాడు ఎంత ఎత్తున ఉంటుందో వెతుక్కోకుండానే పట్టుకుంది.

బస్సు దగ్గర కాపలాదారు కర్ర పట్టుకుని ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాడు. సాయంత్రపు ఎండలో అతని బట్టతల మెరుస్తోంది. ఇన్నేళ్లలో ఆ తల చూడడం ఇదే మొదటిసారి. కానీ జనం ఎక్కుతున్నారు, ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఆ హడావుడిలో అడగడానికి తోచలేదు.

"హారను కొట్టావు," అన్నాడు డ్రైవరు.

"కొట్టలేదు. తాడుకి తల తగిలింది."

"మూడుసార్లా?"

"మూడుసార్లూ తగిలింది. పొడుగు మనిషిని కదా."

"మీవాళ్లు ఏమన్నా అంటే?"

"పచ్చ బస్సు హారను పచ్చోళ్లే కొట్టుంటారని అందరికీ తెలుసు. నన్నెవరు అనుమానిస్తారు?"

డ్రైవరు సీట్లోకి ఎక్కాడు. గుంట వెచ్చగా ఉంది. కిటికీలోంచి వంగి, "మా అమ్మాయి గట్టిగా మాట్లాడుతుంది. పట్టించుకోకు," అన్నాడు.

"వస్తుందా వచ్చే ఏడు?"

"పై డివిజన్లోనే ఉన్నాం కదా బావా."

కాపలాదారు బస్సు ఒంటిని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. పొమ్మని.

దారి పొడుగునా పాటలు. రొట్టెలక్క గొంతు పోయింది, అయినా పాడుతూనే ఉంది. మాస్టారు ఎంత చెప్పినా వినకుండా ఆఖరి పట్టిక నోటికి అప్పజెబుతూ, తమ జట్టు ఉన్న వరస దగ్గరికి రాగానే ఆగి, బస్సంతా ఆ పేరు అరిచేదాకా ముందుకు వెళ్లలేదు. ఊళ్లోకి రాగానే డ్రైవరు తాడు లాగాడు. అరుగుల మీద, కిటికీల్లో మనుషులు చేతులు ఊపారు. ఒక్కొక్కరే వాళ్ల వాళ్ల వీధుల దగ్గర దిగిపోయారు. దిగిన ప్రతివాళ్లూ అతని భుజం తట్టారు. ఆ భుజం రేపు నొప్పెడుతుందని అతనికి తెలుసు, పెట్టనీ అనుకున్నాడు.

షెడ్డు దగ్గర ఇంకా వెలుతురుంది. కూతురు తలుపు తీసి పక్కకి నిలబడింది. అతను ఇంజను ఆపాడు. దాని వణుకు ఆగేదాకా చేతులు స్టీరింగు మీదే ఉంచాడు.

"గోడ ఎలా ఉంది నాన్నా?"

"సగమే చూశాను."

ఆమె తలెత్తి చూసింది.

"శనివారాలున్నాయి," అన్నాడు.

ఆమె పెదవి కొరుక్కుని నవ్వింది. తర్వాత నవ్వు దాచుకోవడానికి వెళ్లి బస్సు అద్దం తుడవసాగింది, శుభ్రంగా ఉన్న అద్దాన్నే.

అతను సీటు వెనక కొక్కానికి తగిలించిన తన తువ్వాలు తీశాడు. దాని కింద ఇంకేదో చేతికి తగిలింది. ఎర్ర టోపీ. అంచు చెమటకి రంగు పోయి గులాబీ అయింది. జాతీయ గీతానికి కూడా టోపీ తీయని మనిషి మరిచిపోయి వెళ్లాడని డ్రైవరు నమ్మలేదు. మరిచిపోయినవాడు టోపీ మీద తువ్వాలు కప్పడు.

టోపీని హారను తాడు చివరికి తగిలించాడు.

"అదెవరిది?"

"వచ్చే ఏడు అక్కడికి వెళ్లినప్పుడు ఇచ్చేయ్. బారు మనిషి, పెద్ద మీసం. గేటు దగ్గరే ఉంటాడు. మావయ్యా అని పిలువు."

"నాకు అక్కడ మావయ్యెవరు?"

"ఉన్నాడు. ఇంకో సంగతి. అంతా నిశ్శబ్దమైతే తొందరపడి తాడు లాగకు. గుసగుసలున్నాయేమో విను. తెలియకపోతే ఆయన్ని అడుగు."

దిండు చంకలో పెట్టుకుని, కుడి కాలు ముందు దించి, ఎడమ కాలు దాని పక్కకి తెచ్చుకుని దిగాడు. నేల మీద నిలబడి లెక్క చూసుకున్నాడు. పోయింది ఒక మోకాలు. పరాయి ఊళ్లో గోలు పడగా కళ్లతో చూసింది ఈరోజుకీ లేదు, ఆఖరిది కూడా మెట్ల మీదే దాటిపోయింది. వచ్చినవి వచ్చే ఏటి శనివారాలు, గాలిలో తాడు లాగిన పదకొండు చేతులు, ఒక బావ. కూతురికి ఒక మావయ్య. ఎటు తిప్పి చూసినా లాభమే. దిండు భుజం మీద వేసుకుని, కూతురితో పాటు ఇంటి దారి పట్టాడు.

షెడ్డులో పచ్చ బస్సు ఒంటరిగా చల్లారుతోంది. డ్రైవరు దిగినప్పటి ఊపు ఇంకా ఆగక, ఖాళీ సీటు పైన, హారను తాడు చివర, ఎర్ర టోపీ మెల్లగా ఊగుతోంది.